చెవక్క

"నువ్వక్కడ ఏం చేస్తావే అసలు?"

అత్తగారు ఈ ప్రశ్న అడిగే సమయానికి ఆమె నోట్లో రెండు క్లిప్పులు, భుజం మీద మూడు తడి చొక్కాలు, చేతిలో ఒక దుప్పటి చివర ఉన్నాయి. దుప్పటి రెండో చివర బాల్కనీ తీగ మీదికి రానంటే రానని మొరాయిస్తోంది. టైము పదకొండుంపావు. పన్నెండింటికల్లా ఆమె బస్సులో ఉండాలి.

"ఏవో చిన్న చిన్న పనులు అత్తయ్యా," అంది క్లిప్పుల సందులోంచి.

"అదే. నేనూ పక్కింటావిడకి అదే చెప్పాను. మా కోడలు ఆ టీవీలోనే పనిచేస్తుంది, కాగితాలవీ అందిస్తుంది అని. అది సరే, ఆ కళ్ళజోడబ్బాయి మానేశాడటగా? ఎంత బాగా అడిగేవాడో! మొన్న ఆ రోడ్ల ఇంజనీరుని పట్టుకుని, ‘ఒక గ్లాసు నిండా పాలు పట్టుకుని ఈ రోడ్డు మీద కారులో కూర్చోండి సార్, ఇంటికెళ్ళేసరికి ఎన్ని మిగిలాయో చెప్పండి’ అన్నాడు చూడు, నేను చప్పట్లు కొట్టేశాను. మగపిల్లాడికి అలాంటిది ఎలా తట్టిందో!"

మగపిల్లాడికి తట్టలేదు. ఆమెకి తట్టింది, పోయిన నెల బస్సులో ఒళ్ళో పాలడబ్బాతో కూర్చున్నప్పుడు. సగం పాలు చీర తాగేసింది. మిగిలిన సగం కింద పడకుండా డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కిరాణా చీటీ వెనకవైపు ఆ ప్రశ్న రాసుకుంది. ఆ సాయంత్రం దాన్ని కళ్ళజోడబ్బాయి చెవిలో చెప్పింది. అతను దేశానికి చెప్పాడు. దేశం అతనికి చప్పట్లు కొట్టింది. అత్తగారితో సహా.

"ఎలా తట్టిందో మరి," అని దుప్పటిని ఒక్క ఊపులో తీగ మీదికి విసిరింది.

ఆ కార్యక్రమం పేరు ‘ఎనిమిది గంటల ప్రశ్న’. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రాత్రి ఎనిమిదికి, అరగంట, లైవ్. ఒక అతిథి, ఒక యాంకర్, మధ్యలో గాజు బల్ల. పదకొండేళ్ళుగా నడుస్తోంది. అతిథి కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో లెక్కలేదు. యాంకర్ కుర్చీలో మాత్రం ఏడుగురు. మొదటాయన గంభీరంగారు, నూతిలోంచి మాట్లాడినట్టుండే గొంతు. తర్వాత జుట్టాయన, ఆయన దువ్వెనకే నలభై నిమిషాలు పట్టేది. ఆ తర్వాత నవ్వులమ్మాయి, సినిమాల్లోకి వెళ్ళిపోయింది. ఆ వెనక కేకలాయన. మధ్యలో కొన్ని నెలలే చేసిన ఇద్దరి ముఖాలు ఇప్పుడెవరికీ గుర్తులేవు. ఆఖరివాడు కళ్ళజోడబ్బాయి. పోయిన శుక్రవారమే పోటీ ఛానెల్‌కి ఎగిరిపోయాడు.

ముఖాలు మారాయి. గొంతులు మారాయి. ప్రశ్నలు మారలేదు. ఎందుకంటే ఏడుగురి చెవుల్లోనూ ఉన్నది ఒకే మనిషి.

స్టూడియోకి గాజు గోడ అవతల కంట్రోల్ రూమ్ ఉంటుంది. అందులో ఆమె సీటు ముందు ఒక మైకు, మైకు పక్కన ఒక ఎర్ర మీట. మీట నొక్కి మాట్లాడితే ఆ మాట యాంకర్ చెవిలోని చిన్న గొట్టంలోకి వెళ్తుంది. ఇంకెవరికీ వినపడదు. "రెండో ప్రశ్న వదిలెయ్యండి. ఆయన చేతి వేళ్ళు చూడండి, వణుకుతున్నాయి. ఇప్పుడే అడగండి, పోయినేడు ఆ సంతకం ఎవరిది అని." యాంకర్ ముందుకి వంగి అడిగేవాడు, "పోయినేడు ఆ సంతకం ఎవరిదండీ?" మర్నాడు పేపర్లో యాంకర్ ఫోటో. ఆఫీసులో ఆమెకి అసలు పేరు ఎప్పుడో పోయింది. అందరూ పిలిచేది ఒక్కటే: చెవక్క.

చెవక్కకి ఆ కుర్చీ కావాలి. దాచుకోవలసిందేమీ లేదు, ఏడేళ్ళుగా కావాలి. తన ప్రశ్న తన గొంతుతో అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలి. జుట్టాయన వెళ్ళిపోయినప్పుడు ధైర్యం కూడగట్టుకుని ఛానెల్ పెద్దసారుని అడిగింది కూడా. ఆయన చాలా ప్రేమగా నవ్వాడు. "నీది ఇంట్లో మనిషి ముఖం తల్లీ. జనానికి కొంచెం దూరపు ముఖం కావాలి. అయినా నువ్వు కుర్చీలో కూర్చుంటే చెవిలో ఎవరు మాట్లాడతారు?" అన్నాడు. ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఎనిమిదింటికి నువ్వు తెర మీదుంటే ఇంట్లో మాకు భోజనం ఎవరు పెడతారు?" అన్నాడు. ఎనిమిదింటికి ఆమె ఎలాగూ ఇంట్లో ఉండదు. పొద్దున్నే వండి, డబ్బాల్లో సర్ది, ఏది ఎంతసేపు వేడి చెయ్యాలో మూతల మీద చీటీలంటించి వెళ్తుంది. భోజనం పెట్టేది ఆమె కాదు, ఆ చీటీలు. అయినా ఆ మాట ఆయనతో అనలేదు. అప్పుడామె రెండు మాటలనీ నమ్మింది. మనిషి తన గురించి రెండు చోట్ల ఒకే రోజు ఒకే మాట వింటే నిజమే కాబోలనుకుంటుంది. అప్పట్నుంచి యాంకర్లు వస్తున్నారు, ఆమె తయారుచేస్తోంది, వాళ్ళు వెళ్తున్నారు. కొత్తవాడు వచ్చిన ప్రతిసారీ వాడి ఎత్తుకి తగ్గట్టు కుర్చీ సర్దేది కూడా ఆమే.

ఆ సోమవారం ఎనిమిదోవాడు వచ్చాడు.

పదిహేనేళ్ళుగా టీవీ సీరియళ్ళలో హీరో. ఒడ్డూ పొడుగూ, పెద్ద కళ్ళు, ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్ళు నిండే కళ్ళు. పెద్దసారు మురిసిపోయాడు. "ఇదీ దూరపు ముఖమంటే!" అన్నాడు. హీరో మంచివాడు. వస్తూనే ఆమెకి నమస్కారం పెట్టి, "అక్కా, నాకు రాజకీయాలూ అవీ తెలీవు. మీరేం చెప్తే అది అనేస్తాను. పదిహేనేళ్ళుగా అదే నా పని," అన్నాడు.

అది నిజమని రిహార్సల్లో తెలిసింది. సీరియళ్ళలో హీరోలు డైలాగులు బట్టీ పట్టరు. రోజుకి పాతిక సీన్లు తీస్తారు, బట్టీ పట్టే తీరికెక్కడిది? కెమెరా పక్కన ఒక మనిషి నిలబడి డైలాగు చదువుతుంటాడు, నటుడు వింటూనే దాన్ని భావంతో పలికేస్తాడు. ఆ మాటలో అర్థం ఉందా లేదా అని ఆలోచిస్తే ఆ రోజు పని సాగదు. పదిహేనేళ్ళలో హీరో చెవికీ నోటికీ మధ్య మెదడు అడ్డం రావడం మానేసింది.

"ఎడమవైపు కెమెరా చూడండి," అంది ఆమె చెవిలో.

"ఎడమవైపు కెమెరా చూడండి!" అన్నాడు హీరో రిహార్సల్ కోసం అతిథి కుర్చీలో కూర్చోబెట్టిన లైట్లబ్బాయితో, ఎంతో బాధగా.

కంట్రోల్ రూమ్‌లో కెమెరాలు మార్చే స్విచ్చింగ్ అమ్మాయి బల్ల మీద తలపెట్టి నవ్వింది. చెవక్క తన నవ్వు ఆపుకుని ఒక పద్ధతి పెట్టింది. హీరో చెవిలోకి అతను పలకాల్సిన మాటలే వెళ్ళాలి, ఇంకేదీ వెళ్ళకూడదు. మిగతాదంతా స్టూడియోలో కెమెరాల పక్కన నిలబడే మనిషి చేతి సైగలతో చెప్పాలి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే హీరో కంగారుపడుతున్నాడు కాబట్టి, ఆమె ఎర్ర మీటని నొక్కి వదలడం మానేసింది. కిందికి నొక్కి పక్కకి తిప్పితే అది అలాగే నిలబడుతుంది. అరగంటా దారి తెరిచే ఉంటుంది.

సోమ, మంగళ, బుధ, గురు, నాలుగు రోజులు గండం లేకుండా గడిచాయి. "ఎంత ఆవేదన ఆ అబ్బాయిది!" అని అత్తగారు కళ్ళొత్తుకున్నారు.

శుక్రవారం అతిథి నీటి సరఫరా మంత్రి. డెబ్బై ఏళ్ళు, మెత్తటి మనిషి, దేనికైనా ఒకటే జవాబు: "ఆ విషయం పరిశీలనలో ఉందండీ." కొత్తగా కట్టిన మంచినీళ్ళ ట్యాంకుకి ఆయన మూడుసార్లు రిబ్బను కత్తిరించాడు. ట్యాంకులోకి ఒక్క చుక్క రాలేదు. ఎందుకు రాలేదో ఆయన నోటితో చెప్పించాలని ఆమె వారం రోజులు కాగితాలు చదివింది.

ఎనిమిదీ పదహారు. ఆమె ఫోను వెలిగింది. భర్త. చూసి వదిలేసింది.

ఎనిమిదీ పదిహేడు. మళ్ళీ భర్త. వదిలేసింది.

ఎనిమిదీ పద్దెనిమిది. మూడోసారి.

ఆ ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. ప్రోగ్రామ్ టైములో ఫోన్ చెయ్యకూడదు. చేస్తే మూడుసార్లు వరసగా చెయ్యాలి, ప్రాణం మీదికొస్తేనే. పన్నెండేళ్ళ కూతురు. మేడ మెట్లు. గ్యాసు. "మంత్రిగారు మాట్లాడుతున్నారు, ఒక్క నిమిషం," అన్నట్టు స్విచ్చింగ్ అమ్మాయికి చేత్తో సైగ చేసి, గాజు గోడకి వీపు తిప్పి, ఫోనెత్తింది. మైకు ఆమె భుజం దగ్గరే ఉంది. ఎర్ర మీట తిప్పే ఉంది.

"పాపకేమైంది?" అంది.

గాజుకి అవతల హీరో ఉలిక్కిపడి ముందుకి వంగాడు. "పాపకేమైంది?" అన్నాడు. అతని కళ్ళల్లో అప్పుడే నీళ్ళు తిరిగాయి.

"ఏ పాపకండీ?" అన్నాడు మంత్రి.

ఫోన్లో భర్త తాపీగా చెప్పాడు: "పాపకేం కాలేదు. రేపు దానికి స్కూల్లో పరుగుపందెం అట. తెల్ల సాక్సులు ఎక్కడున్నాయి?"

పదమూడేళ్ళ కాపురం ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు తిరిగింది: కత్తెర ఎక్కడుంది, గొడుగు ఎక్కడుంది, నా తెల్ల చొక్కా ఎక్కడుంది, నా కళ్ళజోడు ఎక్కడుంది, మీ నెత్తి మీదే ఉంది. కేక వెయ్యాలనిపించింది. కానీ పదకొండేళ్ళుగా మంత్రుల్ని మెత్తటి గొంతుతో నిలదీయడం అలవాటైన మనిషి. మెత్తగానే మొదలుపెట్టింది.

"సాక్సులు రెండో సొరుగులో ఉన్నాయి."

"సాక్సులు," అన్నాడు హీరో మంత్రి కళ్ళల్లోకి చూస్తూ, "రెండో సొరుగులో ఉన్నాయి."

మంత్రి నోరు అలవాటుగా తెరుచుకుంది. "ఆ విషయం పరిశీలనలో..." అని ఆగిపోయింది.

"పదమూడేళ్ళుగా అదే ఇల్లు, అదే బీరువా, అదే సొరుగు. ఒక్కసారైనా మీ చేత్తో తెరిచారా?"

ఆ వాక్యాన్ని హీరో తన పదిహేనేళ్ళ సంపాదన మొత్తం పెట్టి పలికాడు. ‘అదే ఇల్లు’ దగ్గర గొంతు వణికింది. ‘అదే సొరుగు’ దగ్గర విరిగింది. ‘మీ చేత్తో’ దగ్గర వేలు గాల్లోకి లేచి, మంత్రి ఛాతీకి గురిపెట్టి నిలిచింది. కెమెరామాన్ మనసాగక ముఖం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మంత్రి తల వంచుకున్నాడు. "లేదండీ," అన్నాడు. "అది మా ఆవిడ శాఖండీ."

"నేను లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నడుస్తుందా? చెప్పండి. వద్దు, చెప్పకండి. ముందు లేచి వెళ్ళి ఆ సొరుగు తెరవండి."

"ఇప్పుడేనాండీ?" అని మంత్రి నిజంగానే కుర్చీలోంచి సగం లేచాడు.

"పెట్టేస్తున్నా," అంది ఆమె ఫోన్లో.

"పెట్టేస్తున్నా," అన్నాడు హీరో, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

ఆమె ఇటు తిరిగింది. కంట్రోల్ రూమ్‌లో ఒక్కరూ కదలడం లేదు. స్విచ్చింగ్ అమ్మాయి ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో ఆమె మోచేతి కిందికి చూపిస్తోంది. అక్కడ ఎర్ర మీట, చక్కగా తిరిగి, నిక్షేపంగా వెలుగుతోంది.

అయిపోయింది అనుకుంది. ఉద్యోగం, పరువు, పదకొండేళ్ళు. కానీ ఇంకా పది నిమిషాలుంది. పది నిమిషాలు ఖాళీగా వదలడం ఆమెకి చేతకాదు. మైకులోకి వంగి తర్వాతి ప్రశ్న చెప్పింది. హీరో అడిగాడు: "మూడుసార్లు ప్రారంభించిన ట్యాంకులోకి నీళ్ళెందుకు రాలేదు సార్?"

మంత్రిగారు అప్పటికే మెత్తబడి ఉన్నారు. అబద్ధం చెప్పే ఓపిక ఆయనలో మిగల్లేదు. "పైపు వెయ్యడం మర్చిపోయామండీ," అన్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

అక్కడేం జరిగిందో ఆమెకి కూతురు గుక్కతిప్పుకోకుండా చెప్పింది. టీవీలో లైవ్ అంటే నాలుగు క్షణాలు ఆలస్యంగా వస్తుంది. నాన్న ఫోన్లో ఒక మాట వినడం, నాలుగు క్షణాల తర్వాత అదే మాట టీవీలో హీరో ఏడుస్తూ అనడం. మళ్ళీ ఫోను, మళ్ళీ టీవీ. "నాన్న ఫోను చూస్తాడు, టీవీ చూస్తాడు, ఫోను చూస్తాడు. నానమ్మ లేచి నిలబడి ‘ఒరేయ్, ఇది కోడలి మాట కదరా!’ అని అరిచింది!"

"అయితే," అన్నారు అత్తగారు, చెయ్యి నడుం మీద పెట్టుకుని, "ఆ పాలగ్లాసు ప్రశ్న?"

"నాదే అత్తయ్యా."

"జుట్టాయన ఆ బస్సుల కంపెనీవాణ్ణి కుర్చీలోంచి లేపేసిన ప్రశ్న?"

"అదీ నాదే."

"గంభీరంగారు నా కళ్ళలో నీళ్ళు తెప్పించినవి?"

"అన్నీ నావే అత్తయ్యా."

అత్తగారు కాసేపు ఆమెని ఎగాదిగా చూశారు. కోపమో మురిపెమో తెలియని ముఖం. "ఇంట్లో పెట్టుకుని ఊరంతా మెచ్చుకున్నానే నిన్ను! నాకో మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? కాగితాలు అందిస్తుందని చెప్పానే పక్కింటావిడకి! ఇప్పుడే వెళ్ళి చెప్పొస్తాను." చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు.

హాల్లో భర్త కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో తెల్ల సాక్సుల జత. అవమానంతో నల్లబడిన ముఖం.

"రెండో సొరుగు కాదు," అన్నాడు. "మూడోది. దేశం మొత్తానికి తప్పు చెప్పావు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది. కుదర్లేదు. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. కూతురు అందుకుంది. కాసేపటికి ఆయన మూతి చివర కూడా కొంచెం కదిలింది, కానీ ఆయన దాన్ని వెంటనే సర్దుకున్నాడు.

శనివారం పొద్దున్న పెద్దసారు పిలిచాడు. ఆమె రాజీనామా ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకునే వెళ్ళింది. గదిలో హీరో కూడా ఉన్నాడు. పెద్దసారు ముఖం మాత్రం పెళ్ళి కొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"కూర్చో తల్లీ! సాక్సుల క్లిప్పు చూడని ఫోను లేదు. నిన్నటి నుంచి ఆడవాళ్ళ ఫోన్లే ఫోన్లు. ఒకావిడ వాళ్ళాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను స్పీకర్లో పెట్టి, ఆ డైలాగు మళ్ళీ వేయించుకుని విందట! నీటి మంత్రి భార్య స్వయంగా చేసింది. ఆయన రాత్రి ఇంటికెళ్ళి సొరుగులన్నీ తెరిచాడట. పదకొండేళ్ళలో ఇంతమంది చూడలేదు. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నా. ఇకనుంచి రోజూ చివర్లో ఒక సాక్సుల ప్రశ్న. నువ్వు రాస్తావు, మన హీరో ఏడుస్తాడు. ఎలా ఉంది?"

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. వీధిలో ఒకావిడ రెండు చేతులా సంచులతో, మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరికో ఏదో ఎక్కడుందో చెప్తూ రోడ్డు దాటుతోంది. నిన్న ఆ ఆడవాళ్ళందరూ ఫోన్లు చేసింది హీరో కన్నీళ్ళకా? కాదు. ఆ మాటకి. ఆ మాట ఆమె రాయలేదు, వారం రోజులు కాగితాలు చదివి తయారుచెయ్యలేదు, అది లోపలెక్కడో పదమూడేళ్ళు నాని తనంతట తను బయటికొచ్చింది. ఇంట్లో మనిషి మాట. ఇంట్లో మనిషి ముఖం పనికిరాదన్న మనిషే ఇప్పుడు ఇంట్లో మనిషి మాట రోజుకొకటి కావాలంటున్నాడు. ముఖం మాత్రం అద్దెకి తెచ్చుకుంటాడట. ఇందులో ఆయన తప్పెంత? అడిగినవాళ్ళకల్లా మాట తీసి ఇచ్చేసింది తను. ఏడేళ్ళ కిందట ఒకసారి అడిగి, కాదంటే ఊరుకుంది తను. ఇవ్వడం ఆపిన రోజు ఏమవుతుందో ఒక్కసారీ చూడలేదు. ఈ ఆలోచన రాగానే ఆమెకి భయం వెయ్యలేదు, చిత్రంగా ఆకలి వేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇక నేను ఎవరి చెవిలోనూ మాట్లాడను సార్," అంది.

"అంటే?"

"అంటే అదే సార్. నా ప్రశ్న నేనే అడుగుతాను. కుర్చీ ఇస్తే కుర్చీలోంచి. లేకపోతే ఇంకెక్కడైనా. చెవిలో మాత్రం ఇక కాదు."

పెద్దసారు నవ్వాడు, ఏడేళ్ళ కిందటి నవ్వే. "హీరో ఉన్నాడుగా. నీ బదులు ఇంకెవరో చెప్తారు."

హీరో గొంతు సవరించుకున్నాడు. "లేదు సార్. నాకు నిన్న రాత్రి ముగ్గురు నిర్మాతలు ఫోన్ చేశారు. సోమవారం నుంచి షూటింగ్. అక్కా, నిజం చెప్పనా? పదిహేనేళ్ళలో నేను పలికిన మంచి డైలాగు అదొక్కటే. అది నాది కాదని నాకు తెలుసు."

పెద్దసారు వెనక్కి తగ్గే రకం కాదు. అక్కడికక్కడే ఫోన్ తీసి, స్పీకర్లో పెట్టి, పాత యాంకర్లని వరసగా పిలవడం మొదలుపెట్టాడు.

గంభీరంగారు నూతిలోంచి అడిగారు: "చెవక్క ఉంటుందా?"

"ఉండదు."

"అయితే నాకు ఒంట్లో బాగోలేదు."

జుట్టాయన: "చెవక్క లేకుండా లైవ్‌లో నా పేరు కూడా సరిగ్గా చెప్పలేనండీ. నన్ను వదిలెయ్యండి."

కేకలాయన ఏదో అరిచి పెట్టేశాడు. నవ్వులమ్మాయి విషయం విని పడీపడీ నవ్వింది. "సార్, ఆవిడ్ని కూర్చోబెట్టండి. కావాలంటే నేనొచ్చి ఆవిడ చెవిలో నవ్వుతాను!"

చివరికి పోటీ ఛానెల్లో కళ్ళజోడబ్బాయి. "సార్, ఆవిడని మీరు వద్దనుకుంటున్నారా? ఒక్క నిమిషం లైన్లో ఉండండి, మా వాళ్ళని పిలుస్తా. అక్కా, వింటున్నారా? ఇక్కడ కుర్చీ కూడా కొత్తది!"

పెద్దసారు ఫోను బల్ల మీద బోర్లించాడు.

"సోమవారం ఒక్కరోజు," అన్నాడు చివరికి, పన్ను పీకించుకుంటున్నవాడిలా. "చూద్దాం. అతిథి ఆరోగ్య మంత్రి. వాడు కొత్త యాంకర్లని నమిలేస్తాడు. తర్వాత నన్ననొద్దు."

"అనను సార్," అంది. కిందికి వెళ్ళి, క్యాంటీన్లో కూర్చుని, రెండు ప్లేట్లు తింది.

ఆదివారం ఇంట్లో భర్త పేపరు వెనకనుంచి అన్నాడు: "ఆఫీసులో ఇప్పటికే నన్ను సొరుగాయన అంటున్నారు. ఇంక నువ్వు తెర మీదికి కూడా వస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

ఆమె జవాబు వెతుక్కునేలోపే వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "ఆ నలుగురూ రేపు ఎనిమిదింటికి మన హాల్లోనే ఉంటార్రా. పిలిచేశాను. పదకొండుమంది. కింద వాళ్ళింట్లోంచి కుర్చీలు పట్రా."

"నేనా?"

"కాదు, మంత్రిగారొచ్చి తెస్తారు."

ఆయన పేపరు మడిచాడు. ఆ తర్వాత నిజంగానే కుర్చీల కోసం కిందికి వెళ్ళాడు. ఆమె చెప్పులేసుకుని సంచి తగిలించుకుంది. "ఎక్కడికే?" అన్నారు అత్తగారు. "పనుంది అత్తయ్యా," అంది. ఈసారి చిన్న చిన్న పనులు అనలేదు.

సోమవారం ఎనిమిది. లైట్లు అనుకున్నదానికంటే వేడిగా ఉన్నాయి. గాజు బల్లలో తన ముఖం తలకిందులుగా కనపడుతోంది, ఇంట్లో మనిషి ముఖమే. కంట్రోల్ రూమ్‌లో ఆమె పాత సీట్లో స్విచ్చింగ్ అమ్మాయి కూర్చుంది. టైము తప్ప ఇంకేమీ చెప్పొద్దని ఆమె మరీ మరీ చెప్పింది. చెవిలో నిశ్శబ్దం. పదకొండేళ్ళలో ఆ కుర్చీలో అంత నిశ్శబ్దం ఎవరూ విని ఉండరు.

ఎదురుగా ఆరోగ్య మంత్రి. నున్నటి బుగ్గలు, నున్నటి మాట. ఆఫీసులో వెన్నపూస అంటారు. ఆయన ఆమెని చూసి, అతిథి మర్యాదలు చెయ్యడానికొచ్చిన మనిషనుకుని మంచినీళ్ళు అడిగాడు. ఆమె పక్కనున్న జగ్గులోంచి ఒక గ్లాసు ఆయనకి వంచింది. ఇంకో గ్లాసు తనకి వంచుకుని తాగింది. ఎర్రదీపం వెలిగింది.

"మంత్రిగారూ," అంది. గొంతు మొదటి మాటకి కొంచెం వణికింది. రెండో మాటకి సర్దుకుంది. మూడో మాటకి అది తన గొంతేనని తనే పోల్చుకుంది. "మీ పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు ఆరో అంతస్తులో ఉంది. లిఫ్టు ఆగిపోయి పదకొండు నెలలైంది. నిన్న నేను వెళ్ళి ఆ మెట్లెక్కాను. నూట ముప్ఫై రెండు. చేతిలో బరువు లేదు, కడుపులో బిడ్డ లేదు, అయినా నాలుగో అంతస్తులో కూలబడిపోయాను. అదే మెట్టు మీద నా పక్కన నిండు నెలల మనిషి కూర్చుని ఉంది. ‘ఇంకా ఎన్ని మెట్లున్నాయక్కా’ అని అడిగింది నన్ను. ఆ అమ్మాయికి నేనేం చెప్పాలండీ?"

వెన్నపూస చిరునవ్వు ఒక్క క్షణం జారింది. వెంటనే ఎత్తి తగిలించుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, కెమెరా వైపు తిరిగి, ఇల్లిల్లూ వినేలా జాలిగా అన్నాడు:

"ప్రశ్న బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎవరు రాసిచ్చారు నీకు?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు పెదవుల మీద మొదలై ముఖమంతా పాకింది. కెమెరామాన్ ఎవరి సైగా లేకుండానే ఆ ముఖం దగ్గరికి వచ్చాడు.

"నేనే రాసుకున్నానండీ. పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్న ఎనిమిదిమందికీ కూడా నేనే రాశాను. మీ ప్రశ్నకి నేను జవాబు చెప్పాను, ఇక నా ప్రశ్నకి మీరు చెప్పండి."